అడిగితేనే వస్తారు

సాంకేతిక సదస్సుల్లో ఎప్పుడూ ఆ నలుగురు మగవారే ఎందుకు మాట్లాడతారు? నిర్వాహకులను అడగండి, మహిళల నుంచి దరఖాస్తులే రావడం లేదంటారు. రాకపోతే వెళ్లి పిలవాలి కదా!

పైథాన్ ప్రోగ్రామర్లు ఉత్తర అమెరికాలో ఏటా జరుపుకునే పైకాన్ సదస్సు ఆ పనే చేసింది. 2011లో అక్కడి ప్రసంగాల్లో మహిళలవి 1 శాతమే. నిర్వాహకుల్లో ఒకరైన జెస్సికా మెకెల్లర్ వంటివారు పూనుకుని, మాట్లాడగల మహిళలను పేరుపేరునా అడిగారు. 2014లో మహిళల వాటా 33 శాతానికి, 2016లో 40 శాతానికి పెరిగింది.

2012లో బెర్లిన్‌లో జరిగిన జావాస్క్రిప్ట్ సదస్సు మరో జాగ్రత్త తీసుకుంది. విడివిడిగా ఆహ్వానాలు పంపడంతో పాటు, పేర్లు కనబడకుండా ప్రతిపాదనలను ఎంపిక చేసింది. వక్తల్లో నాలుగో వంతు మహిళలే అయ్యారు.

ఎంపికైతే చాలదు. ప్రయాణ ఖర్చు భరించలేనివారు, పసిపిల్లలున్న తల్లులు, ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకేవారు ఉంటారు. టికెట్టు కొనిపెట్టడం, పిల్లలను చూసుకునే ఏర్పాటు, ముందుగా ఒక రిహార్సల్ వంటివి వారికి దారి చూపుతాయి. మన హైదరాబాద్, విశాఖ నిర్వాహకులూ దరఖాస్తుల గడువుకు ముందే పదిమంది కొత్తవారికి స్వయంగా ఫోన్ చేసి చూడండి.