మోచెయ్యి దూరమైన రోజులు

(మన సొసైటీ వాలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన వెబ్‌సైటు, లైవ్ ప్రసారం చూసుకునే వాలంటీర్లలో నేనొకణ్ణి. కోవిడ్ లాక్‌డౌన్ రోజులు చూపులేనివారికి ఎలా గడిచాయో నాలుగు మాటలు చెబుతాను.

చూపులేనివారు తోడుతో నడిచేటప్పుడు పక్కమనిషి మోచేతికి కాస్త పైన పట్టుకుంటారు. శిక్షణలో నేర్పే పద్ధతే అది. 2020 మార్చిలో ఆ మోచెయ్యి ఆరడుగుల దూరం జరిగిపోయింది. దుకాణంలో నేల మీద అంటించిన బాణం గుర్తులు చేతికర్రకు తెలియవు. తెలియక ముందువారికి దగ్గరగా వెళితే కసురుకున్నవాళ్ళూ ఉన్నారు. అలా ఒకటి రెండుసార్లు జరిగితే ఎవరికైనా బయటికి వెళ్ళబుద్ధి కాదు.

అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ ఆ ఏప్రిల్‌లోనే సర్వే చేస్తే 1,921 మంది స్పందించారు. వాళ్ళ బెంగ జబ్బు గురించి మాత్రమే కాదు. సరుకులు ఎలా తెచ్చుకోవాలి? కారు నడపలేనివాళ్ళం డ్రైవ్-త్రూ టెస్టుకి ఎలా వెళ్ళాలి? ఏళ్ళ తరబడి కష్టపడి ఒంటరిగా బస్సెక్కడం, వంట, ఉద్యోగం నేర్చుకున్న మనిషి మళ్ళీ ప్రతిదానికీ ఒకరిని పిలవాల్సి రావడం ఉంది చూశారూ, నన్నడిగితే ఒంటరితనం కంటే అదే ఎక్కువ కుంగదీసింది.

టెస్టు కిట్టే తీసుకోండి. 2022 జనవరిలో ప్రభుత్వం అడిగిన ప్రతి ఇంటికీ ఉచితంగా పంపడం మొదలుపెట్టింది. ఫలితం ఒక గీతా, రెండు గీతలా అన్నది కళ్ళతోనే చూడాలి. జ్వరంతో గదిలో విడిగా ఉన్న మనిషి, ఆ గీత చూడ్డానికి ఇంకొకరిని లోపలికి పిలవాలన్నమాట! బ్లూటూత్‌తో ఫోన్‌కి ఫలితం పంపే కిట్లు ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టేసరికి జూన్ వచ్చింది. ఫోన్ వాడకం రానివారికి అదీ లేదు.

మన ఇళ్ళలోనూ షుగరు వల్లో, గ్లాకోమా వల్లో చూపు తగ్గిన అమ్మానాన్నలున్నారు. చేతికర్ర పట్టడానికి మొహమాటం, స్క్రీన్ రీడర్ ఎవరూ నేర్పలేదు. వాళ్ళకు నలుగురు మనుషులు కలిసే చోటు గుడి ఒక్కటే. అదీ మూతపడింది.

అప్పుడు మొదలైన లైవ్ ఇప్పటికీ నడుస్తోంది. సహస్రనామం చదివినంతసేపూ బాగానే ఉంటుంది. అలంకారానికి తెర వేశాక హారతి గంట మోగేదాకా మైకులో ఏమీ వినబడదు. నెట్ పోయిందేమో అనుకుంటారు వినేవాళ్ళు. తెర తీయగానే అమ్మవారికి ఇవాళ ఏ రంగు చీర కట్టారో, ఏ పూలు వేశారో ఒకరు చెబితే చాలు. రేడియోలో క్రికెట్ కామెంటరీ విని పెరిగిన పెద్దలిక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అలాగే పండుగ ఫ్లయర్ వాట్సాప్‌లో బొమ్మగా పంపేటప్పుడు, కింద తేదీ, వేళ టైపు చేయండి. బొమ్మలోని తెలుగు అక్షరాల్ని స్క్రీన్ రీడర్ సరిగ్గా చదువుతుందన్న నమ్మకం లేదు.

శనివారం అభిషేకానికి వ్యాఖ్యానం చెప్పడానికి ఇద్దరు కావాలి. ప్రసాదం వడ్డించే చోట ఉంటాను, పేర్లివ్వండి.