చేతిలోని చిన్ననాడె
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో విద్యావిషయమును గూర్చి మాటాడవలయునని కార్యదర్శిగారు మమ్ము కోరియుండిరి. మూడుదశాబ్దములకు పైగా పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము గనుక, మేము బాలబాలికల చదువులను గూర్చియే ప్రసంగింతుమని వారు తలచుట సహజము. కాని నిన్నటిరేయి ఒక తీర్మానముయొక్క చిత్తుప్రతి మా చేతికి వచ్చినది. మన కులస్త్రీలకు లేసు అల్లిక నేర్పించి, "తీరికవేళలలో నాలుగు రాళ్లు సంపాదించుకొను మార్గము" చూపవలయునని అందు కలదు. దానిని చదివినపిమ్మట మాకు సరిగా నిద్ర పట్టలేదు. మేము పదునొకండేండ్లుగా లేసు అల్లుచున్నాము. ఈ సభలో ఆ పనిని చేతులార ఎరిగిన మగవారము బహుశః మేమొక్కరమే. కావున చదువులమాట మరియొకనాటికి ఉంచి, నేడు దీనినిగూర్చి మనవి చేయుటకు సెలవిండు.

వెనుకవరుసలో నవ్వు వినబడుచున్నది. నవ్వవచ్చును. మా యింటివారును మొదట నవ్విరి. మా మేనల్లుని పెండ్లిలో, విడిదియింట ఒక మూల గూర్చుండి మేము అల్లుచుండగా, మా వియ్యంకులవారు "పంతులుగారు పదవీవిరమణముతో పాటు మీసమునుకూడ విరమించిరా?" అని పలుకగా పందిరియంతయు నవ్వినది. మేమును నవ్వితిమి గాని, నాడె పట్టుటలో మగతనమునకు లోపమేమున్నదో మా కప్పుడును బోధపడలేదు, ఇప్పుడును బోధపడలేదు. మన తాతముత్తాతలు పట్టినది నాడెయే కదా!

మా తండ్రిగారు జోగిపేట దాపునగల పల్లెలో గుంటమగ్గముపై నేసిరి. మా తల్లిగారు రాట్నముపై కండెలు చుట్టెడివారు. తెల్లవారుజామున మేము నిద్రలేచుట ఆ నాడె చప్పుడునకే. పిదప నూలుధర పెరిగినది. మరమగ్గముల బట్ట అంగడికి వచ్చినది. రామచంద్రపురమునను పటాన్‌చెరువునను కర్మాగారములు వెలసినవి. ఈ కథ మీలో ప్రతి యింటివారికిని తెలిసినదే. మా పెద్దన్నగారు పటాన్‌చెరువు పారిశ్రామికవాడలో పనికి కుదిరిన సంవత్సరమే మగ్గపుగుంటను మన్నుతో పూడ్చి, పైన నాపరాయి పరచి, దానిమీద వారి సైకిలు నిలిపితిమి. నాడె అటకపైకి పోయినది.

మేము సంస్కృతకళాశాలలో చేరితిమి. అచ్చట తర్కసంగ్రహము పాఠ్యగ్రంథము. మన ఆంధ్రుడే యగు అన్నంభట్టు కారణములను వివరించుచు వస్త్రమును ఉదాహరణముగా గైకొనినాడు. పోగులు సమవాయికారణము, పోగుల కలయిక అసమవాయికారణము, తురి, వేమము మొదలగునవి నిమిత్తకారణములు. ఒకనాడు గురువుగారు పుస్తకము మూసి, "తురి యనగా నేమి? మీలో దాని నెవరైన చూచినారా?" అని అడిగిరి. తరగతిలో ఎవ్వరును చూడలేదు. మేము చూచియుంటిమి. మా అటకమీద ఉన్నది. దాని బరువు, దాని మొనలలోని ఇనుపములుకులు, కండె తిరుగునప్పటి సన్నని రొద, సమస్తమును ఎరుగుదుము. ఐనను తలవంచుకొని ఊరకుంటిమి. సాలెవాని కుమారుడని తరగతికి తెలియుట మాకు నాడు ఇష్టము లేకపోయెను. గురువుగారు "తురి యనగా నాడె" యని చెప్పి ముందునకు సాగిరి. ఋగ్వేద దశమమండలమున యజ్ఞమును నేతగాను, సామములను నాడెలుగాను భావించిన సూక్త మొకటి కలదని తరువాత చదివితిమి. పద్మతంతువులతో దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషి సంతతివార మని చెప్పుకొను మనకు ఇంతకంటె గౌరవమేమి కావలయును? కాని నాటి మౌనము నేటికిని మాకు ముల్లువలెనే యున్నది.

ఇక లేసు సంగతి. మేము కడపట పనిచేసిన పాఠశాలలో మలయాళదేశమునుండి వచ్చిన గణితోపాధ్యాయిని యొకరుండిరి. విరామకాలమున ఆమె చేతిలో చూపుడువ్రేలంత పడవవంటి వస్తు వొకటి కదలుచుండెడిది. ఒకనాడు దగ్గరకు పోయి చూచితిమి. నాడె! మా తండ్రిగారి నాడెయే పసిపాపయై పుట్టినట్లుండెను. లోపల దారము చుట్టిన కండెయు, రెండు ప్రక్కల కూసు మొనలును గలవు. "అమ్మా, ఇదేమి పని?" యంటిమి. "టాటింగు, మాస్టారూ" అనిరి. కొక్కెపుసూదితో అల్లు క్రోషేవేరు, ఇది వేరు. ఇందు సూదిలేదు. నాడెయు, దారమును, పది వ్రేళ్లును మాత్రమే.

విధానము చెప్పుటకు సులభము. ఎడమచేతి వ్రేళ్లచుట్టును దారమును వలయముగా పెట్టి, కుడిచేతి నాడెను దాని క్రిందుగా పోనిచ్చి పైగా తెచ్చిన అరముడి. త్రోవ మార్చి తెచ్చిన మరి యొక అరముడి. రెండును కలిసి ఒక నిండుముడి. అట్టివి వరుసగా వేసి, నడుమ నడుమ చిన్నచిన్న ఉచ్చులను విడిచి, చివర నాడెదారమును లాగినచో వరుస యంతయు చుట్టుకొని పువ్వగును. ఒక పువ్వు ఉచ్చును మరియొక పువ్వు ఉచ్చుతో కలిపినకొలది జాలరు పెరుగును. ఇంతియే.

ఈ యింతకు మాకు నలువదిదినములు పట్టినది! ఇందలి మర్మ మేమనగా: ముడి వేయునది నాడెదారమువలె కనబడును, కాని ముడి నిలువవలసినది నాడెదారముపై కాదు. నాడె త్రోవ ముగియగానే ఎడమవ్రేళ్లను సడలించి, కుడిదారమును బిగువుగా లాగవలయును. అప్పుడు ముడి గంతువేసి ఎడమదారమునకు మారును. నాడెదారము నడుమ తిన్నగా నిలిచి, ముడులు దానిపై పూసలవలె జారును. మారకున్నచో పువ్వు మూసికొనదు. లాగినకొలది బిగిసికొని యుండును. విప్పుట మిక్కిలి కష్టము; కత్తెరయే గతి. తర్కశాస్త్రమున ఎవడు కర్త, ఏది కరణమని గంటలకొలది వాదించిన మేము, ఏ దారము కట్టునది, ఏది కట్టబడునది యని ఎరుగజాలక నలువదిదినములు దారము కోసి పారవేసితిమి. నలువదియొకటవనాటి సాయంకాలము ముడి "టక్కు"మని మారినది. మా శ్రీమతిని వంటయింటినుండి పిలిచి చూపితిమి. ఆమె "దీనికా ఇంత కేక?" అని పొయ్యికడకు మరలిపోయినది.

ఈ విద్యకు దేశదేశముల గల పేరులను తెలిసికొనుట శబ్దవ్యసనము గల మాకు వేరొక వినోదమైనది. ఫ్రెంచివారు దీనిని ఫ్రివోలిటె, అనగా పనికిమాలిన వేడుక, అందురు. ఇటలీవారి పేరునకు కబురులాట యని యర్థము. జర్మనులు చిన్నపడవపని యందురు. తురుష్కులును ఫిన్లాండువారును మాత్రము నాడెపేరుననే పిలుతురు. మా దృష్టిలో వీరే యథార్థవాదులు. ఐరోపాలో 19వ శతాబ్దమున దీనిపై పుస్తకములు వెలువడినవి. 1886లో ప్రచురింపబడిన తెరేజ్ ద దిల్మోంగారి సూదిపని సర్వస్వమున దీనికొక ప్రకరణమే కలదు. రుమేనియా రాణి ఎలిజబెత్తుగారు స్వయముగా అల్లెడివారట. రాణి అల్లిన వేడుక; పేద అల్లిన కూలి. ఈ భేదమును తరువాత మనవి చేసెదను.

మాకిప్పుడు ఎనమండుగురు సహాధ్యాయులు. నెలకొక ఆదివారము రామచంద్రపురములో ఒకరి యింట కూడుదుము. ఆరుగురు స్త్రీలు, అందు ఒకరు బంగాళీలు, ఇద్దరు మలయాళీలు. మరి యొకరు కర్మాగారమున లేతుయంత్రముపై జీవితమంతయు పనిచేసిన పెద్దమనిషి. ఆయన అల్లుట మాకంటె మందము. కాని అందరి నాడెలను ఆయనయే చింతకొయ్యతో చేసియిత్తురు. మొనల నడుమ సందు దారము పోవునంత మాత్రమే యుండవలయునట; కాగితపుమందము హెచ్చినను కండె దొరలి దారము వదులగునట. ఎనిమిదవవారు పటాన్‌చెరువు బస్సులో మా ప్రక్కన గూర్చుండి మా పనిని చూచి, నేర్పుడని వెంబడించిన యువకుడు. రాత్రి షిఫ్టు ముగించి నిద్రలేని కన్నులతో వచ్చును. దారము సికిందరాబాదు జనరల్ బజారునుండి ఒకరు అందరికిని తెత్తురు. తప్పులను ఒకరొకరికి చూపుకొందుము. మా యధ్యాపకజీవితమున ఇంత మంచి తరగతి మాకు దొరకలేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పవలసియున్నది.

ఐదేండ్లక్రిందట మాలో ఒక సోదరి భర్తకు పని పోయినది. అదే సమయమున ఒక వర్తకుడు మా అల్లికలను చూచి, చేతిరుమాళ్ల అంచులు ఇరువది కావలయుననియు, ఒక్కింటికి నూటయేబది రూపాయలిత్తుననియు చెప్పెను. మాలో కొందరు వలదనిరి. మేము మాత్రము, "అమ్మా, మనది చేతిపనివారి వంశము. వచ్చిన బేరమును కాదనరాదు. ఎట్లును తీరికవేళల అల్లునదే కదా!" అంటిమి. ఈ "తీరికవేళ" యను మాట మా నోటనే వెడలినది. ఒక అంచునకు ఆమె చురుకైన చేతికిని పండ్రెండు గంటలు పట్టును. ఇరువదింటికి రెండువందల నలువది గంటలు. పిల్లలు నిద్రించిన పిదప దినమునకు నాలుగు గంటల చొప్పున రెండునెలలు అల్లినది. వర్తకుడు మరక యున్నదని నాలుగింటిని త్రోసివైచి, పదునారింటికి రెండువేల నాలుగువందలిచ్చెను. గంటకు పది రూపాయలు! దారపు ఖర్చు ఆమెదే. త్రోసివైచిన నాల్గింటిని తిరిగి యిచ్చినాడా యనిన, అదియు లేదు. ఆమె మణికట్టు నొప్పి ఇప్పటికిని తగ్గలేదు. ఆదివారములందు మాతో కూర్చుండి కాఫీ త్రాగును, మాటాడును. నాడెను మాత్రము ముట్టదు. లెక్కలు వేయకుండ సలహా చెప్పిన పండితులము మేము.

తరువాతనే మేము నరసాపురపు చరిత్రను చదివితిమి. గోదావరీతీరమున క్రైస్తవ మిషనరీల మూలమున 19వ శతాబ్దమున పాదుకొన్న క్రోషే లేసు నేటికిని అచ్చటి వేలమంది స్త్రీల చేతిపని. దానికి 2024లో భౌగోళికసూచిక గౌరవము లభించినది; సంతోషము. కాని జర్మను విదుషి మారియా మీస్‌గారు ఆ లేసుపనివారిని గూర్చి 1982లో ప్రకటించిన గ్రంథమును మన కార్యవర్గము చదువవలయును. పువ్వు లల్లువారు కొందరు, వానిని అతుకువారు కొందరు. సరకు సీమలకు పోయి వర్తకులు మేడలు కట్టిరి. అల్లిన స్త్రీలు గంటలకొలది పనిచేసియు పనివారని లెక్కకు రాలేదు. వారిని గృహిణులనిరి; వారు చేయునది తీరికవేళపని యనిరి. తీరిక యను పేరు పెట్టగానే కూలి తగ్గించుటకు త్రోవ దొరికినది.

దూరమేల? మన యిండ్లలోనే చూతము. నేతకు కూలి మగ్గముపై కూర్చున్నవానికి కట్టిరి. కండెలు చుట్టిన తల్లికి, ఆసు పోసిన భార్యకు ఏమి కట్టిరి? "ఇంటి ఆడవారి పని" యనిరి. ఆలేరు ప్రాంతపు శ్రీ చింతకింది మల్లేశముగారు తమ తల్లి భుజమునొప్పిని చూడజాలక 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. వారిని సన్మానించుటలో మన మెవ్వరమును వెనుకబడలేదు. కాని అంతకు ముందు తరతరములుగా ఆ భుజములు నొచ్చుచునేయున్నవి గదా. వానిని మన సభలలో ఎవరు లెక్కించిరి? మా తల్లిగారి చేతులను మేమును లెక్కింపలేదు.

కావున అధ్యక్షులవారికి మా విన్నపము. అల్లిక నేర్పుడు; తప్పక నేర్పుడు. బాలికలకే కాదు, బాలురకును నేర్పుడు. వేడుకకై నేర్పినచో మేమే వచ్చి ఊరకయే చెప్పెదము; మా లేతుమిత్రులు నాడెలు చేసియిత్తురు. ఆ వేడుకలో ధరలేదు, గడువులేదు; నచ్చకున్న కత్తెర వేయవచ్చును. కాని కూలికై నేర్పదలచినచో తీర్మానమునుండి "తీరికవేళ" యను పదమును కొట్టివేయుడు. ఒక వస్తువునకు ఎన్ని గంటలు పట్టునో ముందుగా ఒకరిచేత అల్లించి గడియారముతో లెక్క కట్టుడు. గంటకింత యని వ్రాయించుకొని, దారము కొనువానిపై మోపి, త్రోసివైచిన సరకు అల్లినవారికే చెందునని పత్రములో చేర్చి, పిమ్మట సంఘము పేరున ఒప్పుకొనుడు. ఆ ధరకు వర్తకుడు రాడని కొందరనవచ్చును. రాకున్న పోనిండు. మన యాడువారు సుఖముగా నిద్రింతురు.

ఈ మాటలు కొందరికి కటువుగా తోచినచో మన్నింపుడు. వసారాలోని బల్లపై మా అల్లికలను కొన్నింటిని ఉంచినాము. ప్రక్కనే అటకనుండి దింపిన మా తండ్రిగారి నాడెయు కలదు. చూడగోరువారు భోజనమునకు ముందే చూడుడు. భోజనానంతరమైనచో చేతులు కడిగికొని ముట్టుడు. తెల్లదారమునకు పులుసుమరక అంటిన పోదు.