కువైట్‌లో బస

పిల్లనిచ్చునపుడు ఇల్లు చూడనిదే మాటియ్యని మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులవారు, తొలిసారి కువైట్‌కు పోవునపుడు మాత్రము జీతమొక్కటే అడుగుదురు. పండుకొను చోటెట్టిదని అడుగువారరుదు.

ఇంటిపనికై యిచ్చు 20వ నంబరు వీసాతో పోవువారికి యజమాని యిల్లే బస. అచ్చట దిగిన పిమ్మట వేరొకటి ఎంచుకొను వీలుండదు. ఎంపిక ఊరు విడువకముందే జరుగవలెను. 2015 నాటి 68వ చట్టము ననుసరించి తిండి, తగిన వసతి యజమానియే యియ్యవలెను. పనివారి సమ్మతి లేక పాస్‌పోర్టును తనయొద్ద నుంచుకొనరాదు.

కంపెనీ పనివారికి సాధారణముగా ఉమ్మడి గదులు. 2024 జూన్ 12వ తేదీన మంగఫ్‌లో అట్టి భవనమొకటి అంటుకొని, 40 మందికి పైగా భారతీయులు మరణించిరి. పెక్కురు పొగలో ఊపిరాడకయే పోయిరి. గదికెందరు, మెట్లదారి తెరపియేనా యని, అచ్చటనున్న బంధువులచే చూపించి, ఆపై ఒప్పందముపై సంతకము చేయుడు. ఆ బస చిరునామా ఇంటివారికి వ్రాసి యిండు.