ఉపాధి వలస: సంకల్పం, గడువు



సకల జీవులకు ఉపాధినిచ్చే అల్లాహ్‌ను స్తుతిస్తున్నాను. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ సోదరులారా! మన కడప, రాయచోటి ప్రాంతంలో కువైట్ అంటే పరాయి దేశం పేరులా వినిపించదు, పక్క వీధి పేరులా వినిపిస్తుంది. వానను నమ్ముకోలేని నేల, తండ్రి తీర్చలేకపోయిన అప్పు, చెల్లెలి నికాహ్: ఈ కారణాలను నేను చిన్నచూపు చూడను. జుమా నమాజు ముగిసిన పిమ్మట భూమిపై సంచరించి దైవానుగ్రహాన్ని అన్వేషించమని దివ్య ఖుర్‌ఆన్ మనకు బోధించింది. హలాల్ సంపాదన కొరకు ఇల్లు విడిచినవాడు గౌరవనీయుడే.

అయితే, వెళ్లినవానికి కోరుకున్నది లభించిందా? ఈ మాట అడగడం కృతఘ్నత అని కొందరు తలుస్తారు. క్రీ.శ. 622లో మదీనా చేరిన ముహాజిర్ల స్థితిని జ్ఞాపకం చేసుకోండి. వారు అల్లాహ్ కొరకు వెళ్లినవారు. అయినా ఆ నగర వాతావరణం వారికి సరిపడలేదు. హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) తీవ్ర జ్వరంతో మంచం పట్టారు. మక్కాలో తనను మండుటిసుకపై హింసించినప్పటికీ, బిలాల్ (రజి) ఆ జ్వరంలో మక్కా గడ్డినీ, నీటి ఊటలనూ తలచుకున్నారు. ఈ సంగతి హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా తెలుసుకున్న దైవప్రవక్త (సల్లం) వారిని మందలించలేదు. మదీనాను మాకు మక్కా వలె, అంతకంటే ఎక్కువగా ప్రియమైనదిగా చేయమనీ, దాని కొలతల్లో శుభం ప్రసాదించమనీ, ఆ జ్వరాన్ని జుహ్ఫాకు మళ్లించమనీ ప్రార్థించారు.

మన ఇళ్లలో ఆ ఓర్పు ఉన్నదా? ఫోనులో అబ్బాయి “బాగున్నానమ్మీ” అంటాడు. నలుగురితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాననీ, రెండు నెలలుగా జీతం రాలేదనీ చెప్పడు. తల్లి కూడా తన మోకాళ్ల నొప్పి చెప్పదు. తరువాత మాట టైల్స్ వైపో, పెళ్లి ఖర్చు వైపో మళ్లుతుంది. ఇరువైపులా ప్రేమే ఉన్నది, కాని నిజం లేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) రిక్తహస్తాలతో మదీనా చేరారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన దుఆ చేసి, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, పనీరు అమ్మడంతో ఆయన వ్యాపారం మొదలైంది. మనవాడు విమానం ఎక్కకముందే అప్పులో మునుగుతున్నాడు. లెక్క చూడండి. ఇంటిపనివారికి కువైట్ నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దీనార్లు. దీనారు 270 రూపాయలనుకుంటే 16,200. ఏజెంటు కొరకు లక్షన్నర, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 4,500. జీతంలో పావు వంతుకు పైగా వడ్డీ వ్యాపారికే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. వడ్డీ ఎంత ఘోర పాపమో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక ‘ఆజాద్ వీసా’ అనే మాట. ఆజాదీ అనే పేరే గాని, అందులో స్వేచ్ఛ ఏదీ లేదు! కఫీల్‌కు సొమ్ము కట్టి, 20 నంబరు ఇంటిపని వీసాపై వెళ్లి, బయట దుకాణంలో పనిచేయడం ఆ దేశ చట్టం దృష్టిలో నేరం. పట్టుబడితే తిరుగు ప్రయాణమే. అఖామా కూడా ఒక ఒప్పందం. ఒప్పందాన్ని నిలబెట్టుకోవడం విశ్వాసి లక్షణం. “అందరూ చేస్తున్నారు కదా హజ్రత్” అనే జవాబు చాలాసార్లు విన్నాను, అది నాకు సమాధానంగా తోచదు.

కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని బోధించినప్పుడు, దైవప్రవక్త (సల్లం) హిజ్రత్‌నే ఉదాహరణగా చూపారు. ఎవరు దేనికొరకు వెళ్లారో, వారి ప్రయాణం దానికొరకే అవుతుంది. అందుకే అడుగుతున్నాను: దేనికొరకు, ఎంత చాలు, ఎంతకాలం? అప్పు తీరగానే వస్తానన్నవాడు ఇల్లు కట్టాక వస్తానంటాడు. పిదప మేడ, ఆ పైన మరో అంతస్తు. రెండేళ్ల ఒప్పందం ఇరవై ఏళ్లవుతుంది. మేడకు తాళం, క్రింది గదిలో ముసలి తల్లిదండ్రులు. గడువు లేని కోరికను ఏ దేశమూ తీర్చలేదు. హజ్రత్ ఉమర్ (రజి) సైనికుల భార్యల బాధ విని, స్త్రీ భర్త ఎడబాటును ఎంతకాలం సహించగలదని తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు. కొన్ని ఉల్లేఖనాలలో నాలుగు నెలలనీ, కొన్నింటిలో ఆరనీ ఉన్నది. దానినిబట్టి సైనికుల గడువు నిర్ణయించారు. మనం ఇంట్లో ఆ ప్రశ్నైనా అడిగామా?

స్త్రీలు కూడా వెళ్తున్నారు. హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఏళ్ల తరబడి అబిసీనియాలో ఉండి, హిజ్రీ 7లో తిరిగివచ్చారు. తమ కష్టాన్ని తక్కువచేసి మాట్లాడినందుకు ఆమె నేరుగా దైవప్రవక్త (సల్లం)కు ఫిర్యాదు చేశారు. మీకు రెండు హిజ్రత్‌ల పుణ్యమున్నదని ఆయన ఆమెకు చెప్పారు. కువైట్‌లో ఇతరుల పిల్లలను సాకి వచ్చిన మన అక్కచెల్లెళ్ల గురించి వీధి అరుగులపై నోరు జారేవారు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో 30 ఏళ్లు నిండని స్త్రీని ఇంటిపనికి పంపరాదన్నది మన ప్రభుత్వ నియమం. విజిట్ వీసాపై దొడ్డిదారిన పంపుతామనేవానిని గడప దాటనివ్వకండి.

నమోదైన ఏజెంటు 30,000 రూపాయలకు మించి రుసుము తీసుకోరాదు, దానిపై పన్ను వేరు. సొమ్ము ఇచ్చే ముందు ఒప్పంద పత్రం చేతికి తీసుకోండి. అరబీలో ఉంటే అసర్ నమాజు తరువాత మస్జిద్‌కు తీసుకురండి, చదివి తెలుగులో చెబుతాను. దీనికి రుసుము లేదు.

యా అల్లాహ్! దూరదేశాల్లో ఉన్న మా బిడ్డలను కాపాడు. వారి జీతం సకాలంలో చేతికందేలా చేయి. వారి తల్లిదండ్రులు బ్రతికుండగానే వారిని ఇంటికి చేర్చు. ఆమీన్.