ఆటపాటలు 'అదనం' కావు, అవి మన పిల్లల హక్కు

(సేవాలాల్ జయంతి సందర్భంగా హైదరాబాద్ పాతబస్తీ పక్కనే సైదాబాద్‌లో మాట్లాడిన మాటల పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు భూమి గురించి, ఉద్యోగాల గురించి చెప్పిన్రు. నేను పిల్లల ఆటపాటల గురించి చెప్త. ఇది చిన్న విషయం అనుకోవద్దు. బడి భాషలో దీనికి 'ఎక్స్‌ట్రా కరిక్యులర్' అని పేరు. అంటే అదనం. సిలబస్ అయిపోతే, టైం మిగిలితే, సార్‌కు ఓపిక ఉంటే ఆడిస్తరు. కరోనా లాక్‌డౌన్‌లో ఈ అదనానికి ఏ గతి పట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. బడులు మళ్లెప్పుడూ మూతపడవని ఎవరూ కాగితం రాసియ్యలేరు కదా.

2020 మార్చిలో బడులు మూసిన్రు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనయ్. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులు తెరిచి, మార్చిలో మళ్లీ మూసిన్రు. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరుచుకున్నా, హైకోర్టు స్టే వల్ల గురుకులాలు అక్టోబర్ దాకా ఆగినయ్. అంటే మన పిల్లలు ఎక్కువగా చదివే బడులే అందరికంటే ఆలస్యంగా తెరిచిన్రు.

ఫోన్ల కొరత గురించి అప్పుడు అందరూ మాట్లాడిన్రు. నిజమే. ఇంటికి ఒకటే ఫోన్. అది బాపు జేబులో అడ్డా మీదికి పోతది. పిల్ల పాఠం సాయంత్రం దాకా ఆగాలె. కానీ ఆట గురించి, బొమ్మలు గీయడం గురించి, పాట గురించి ఎవరు అడిగిన్రు? టీవీలో లెక్కలు చెప్పొచ్చు. కబడ్డీ ఆడించలేం కదా.

అందరి పిల్లలకూ ఆట పోయింది, మనకేం ప్రత్యేకం అని అడగొచ్చు. ప్రత్యేకం ఉంది. దేవరకొండ దిక్కు తాండాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి ఈ సింగరేణి కాలనీ గుడిసెల్లో ఉంటున్న కుటుంబాలను చూడండి. ఇంట్లో గోర్ బోలి. బడిలో తెలుగు, ఇంగ్లీషు. గల్లీ దాటితే ఉర్దూ. ఆరేళ్ల పిల్ల తరగతిలో నోరు తెరవదు. తెలివి లేక కాదు, మాట లేక. సార్ ఆ పిల్లను 'డల్' అంటడు. అదే పిల్ల గ్రౌండ్‌లో పరుగు పెడితే ముందుంటది. తాడాట ఆడితే ఆగదు. వార్షికోత్సవంలో ఫేటియా, కాంచళి వేసుకుని ఆడితే అదే సార్ నిలబడి చప్పట్లు కొడతడు. బడిలో ఆ పిల్ల తలెత్తుకునే చోటు అదొక్కటే. అక్కడ దొరికిన ధైర్యంతోనే మరుసటి రోజు తరగతిలో చెయ్యి ఎత్తుతది. దాన్ని మీరు అదనం అంటే ఎట్ల?

మాలావత్ పూర్ణను తలుచుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ, మన బిడ్డ. 2014 మే 25న పద్నాలుగేళ్లు కూడా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ దారి ఏ పాఠ్యపుస్తకంలోంచీ మొదలు కాలేదు. సంక్షేమ గురుకులం పిల్లలను భువనగిరి గుట్ట ఎక్కించడం నేర్పిన శిక్షణలో మొదలైంది. కిసాన్‌నగర్ తాండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టులో ఆడింది. ఎవరో ఒకరు బంతి ఇచ్చి, గ్రౌండ్ చూపిస్తేనే అట్లాంటి బిడ్డలు బయటికి వస్తరు. రెండేళ్లు బంతి మూలన పడ్డ కాలంలో ఎంతమంది సౌమ్యలు పోయిన్రో లెక్క ఎవరి దగ్గరా లేదు.

చరిత్ర కూడా చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపింది ఈ నగరం నుంచి ఏలిన నిజాం సర్కారే. ఆ తిరుగుబాటు తర్వాత అదే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చి, గోండి భాషలో చదువు మొదలుపెట్టిన్రు. పిల్ల భాషతోనే బడి మొదలవ్వాలని అప్పటికే తెలిసింది. అదే మార్లవాయి నుంచి గుస్సాడీ కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. దేశం డాన్సుకు అవార్డు ఇస్తది. బడి మాత్రం దాన్ని అదనం అంటది!

చట్టం మన పక్కనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం, ఆట సామాన్లు, లైబ్రరీ ఉండాలంటది. పిల్లల సర్వతోముఖ వికాసం జరగాలె, వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలె అంటది. 2020 జూలై 29న, సరిగ్గా బడులు మూసి ఉన్నప్పుడే వచ్చిన జాతీయ విద్యా విధానం చదువుకూ ఆటపాటలకూ మధ్య గట్టి గోడ ఉండొద్దని రాసుకుంది. ఆ ఏడాది గోడ సంగతి అట్లుంచి, ఇవతలి పక్క మొత్తమే కూలిపోయింది.

మరి బడి మూస్తే ఏం చేయగలం అంటరా? చేసి చూపించిన్రు. 2020లో సంక్షేమ గురుకులాల పిల్లలు ఊర్లలో 'విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్' పెట్టుకున్నరు. పెద్ద తరగతి పిల్లలు చెట్ల కింద, ఇండ్ల ముందు చిన్నవాళ్లను కూర్చోబెట్టుకుని చెప్పిన్రు. పాఠానికి చెట్టు నీడ సరిపోయినప్పుడు ఆటకు, పాటకు ఎందుకు సరిపోదు? రోగం ఉన్నప్పుడు జాగ్రత్త కావాలె, నిజమే. వంద మందిని పోగు చేయొద్దు. ఒకే గల్లీలో ఐదారుగురు చాలు. ఆరుబయట, దూరం దూరంగా. తాడాట, చాక్‌పీస్‌తో నేల మీద బొమ్మలు, పొడుపుకథలు. ఇంట్లో యాడీ దగ్గర అద్దాల కుట్టు నేర్చుకోవడం. తాత పాడే పాటను తెలుగు అక్షరాల్లో గోర్ బోలిలో రాసుకోవడం. శ్రావణంలో తీజ్‌కు బుట్టలో గోధుమ మొలకలు తొమ్మిది రోజులు పెంచుతం కదా, ఆ తొమ్మిది రోజుల మొలకను కొలిచి రాస్తే అది సైన్సే. వీటికి ఇంటర్నెట్ అక్కర్లేదు. పంతులు 'ఇది కూడా చదువే' అని ఒప్పుకుంటే చాలు.

ఇంకో మాట చెప్పాలె, బరువుగా ఉన్నా. 2021 సెప్టెంబర్‌లో ఇదే సింగరేణి కాలనీలో ఆరేళ్ల మన పసిబిడ్డకు జరిగిన ఘోరం మీ అందరికీ తెలుసు. ఆ నేరానికి నేరస్తుడే బాధ్యుడు. కానీ అమ్మానాన్న కూలికి పోయినప్పుడు పదిమంది కళ్ల ముందు పిల్లలు ఆడుకునే ఒక చోటు బస్తీకి లేకపోవడం ఎవరి బాధ్యత? ఆట నడిపే అక్క ఉన్నచోట పిల్లకు కాపలా కూడా ఉంటది.

అందుకే మనం అడిగేది నాలుగు ముక్కల్లో చెప్త.

ఒకటి: బడులు ఏ కారణంతో మూసినా, పాఠాలతో పాటు ఆటపాటల ప్రణాళిక కూడా అదే ఉత్తర్వులో ఉండాలె.

రెండు: ప్రతి తాండాకు, గూడేనికి, గిరిజనులున్న ప్రతి బస్తీకి బడి లైబ్రరీ పుస్తకాలు, ఆట సామాన్ల పెట్టె రావాలె. బీరువాలో తాళం వేసిన బంతికి విలువ లేదు.

మూడు: మన భాష తెలిసిన యువతీ యువకులకు గౌరవ వేతనం ఇచ్చి వీటిని నడిపించాలె. 2017 చట్టం కింద ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది. అందులోంచి ఇవ్వండి.

నాలుగు: సింగరేణి కాలనీ లాంటి బస్తీల్లో పిల్లల కోసం జాగా కేటాయించాలె. గుడిసెలు తీసేసి కాదు, గుడిసెల మధ్యనే.

సర్కారు ఇచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. ఇక్కడ డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నరు. ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. ఒక తాడు, ఒక బంతి, రెండు చాక్‌పీసులు పట్టుకుని మీ గల్లీలోకి పోండి. ఇప్పటినుంచే అలవాటు చేస్తే, రేపు బడి మూసినా మన పిల్లల ఆట ఆగదు, పాట ఆగదు, మన బోలి ఆగదు.

జై సేవాలాల్! జోహార్ కొమురం భీం!