అణు విద్యుత్తు: మేలెంత, ముప్పెంత?

 

అణు విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ‘అది మంచిదా, చెడ్డదా?’ అని అందరూ అడుగుతారు.

ముందు మేలు చెబుతాను. రియాక్టరు పొగ వదలదు, ఎండావానలతో దానికి పనిలేదు. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచింది.

ఇక ముప్పు. రియాక్టరును ఆపినా ఇంధనం వెంటనే చల్లారదు. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాయి. కానీ సునామీ నీరు డీజిల్ జనరేటర్లను ముంచేయడంతో, చల్లబరిచే దారిలేక మూడింటిలో ఇంధనం కరిగింది. వాడేసిన ఇంధనమైతే వేల ఏళ్లు ప్రమాదకరమే.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు ప్రతిపాదించారు. కరెంటు మనందరికీ, ఊరు వదలాల్సింది అక్కడి మత్స్యకారులు. నేను అణు విద్యుత్తును సమర్థిస్తాను. అయినా వారి భయాన్ని అజ్ఞానం అనలేను. సముద్రానికి దూరమైతే వారి బతుకేమిటో, వ్యర్థాలను ఎక్కడ దాస్తారో ముందే చెప్పాలి.

సందేహం అడిగిన పిల్లవాణ్ణి ‘కూర్చో’ అనకుండా జవాబు చెప్పే మాస్టార్లు మన బడిలో ఉండేవారు. కొవ్వాడకు కావలసింది ఆ ఓపికే.