బృహద్ధమని వంపులోని వింతలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసపాఠము)



హైదరాబాదున మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతముల సాఫ్ట్‌వేర్ కచ్చేరీలలో కొలువుచేయు బిడ్డలు లేని గ్రామము నేడరుదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ తెరువబడిన పిదప ఆ చోట కొలువులతోపాటు పెద్ద వైద్యశాలలును వెలసినవి. అచ్చట ఏ దగ్గునకో ఆయాసమునకో రొమ్మునకు సి.టి. స్కాను తీయగా, వెదకని సంగతి యొకటి కొందరిలో బయటపడును: బృహద్ధమని వంపు పుట్టుకతోనే అందరివలె లేదని. ఆ కాగితము ఊరు చేరుసరికి "గుండెలో తేడా" యను వదంతియగును. తల్లి అన్నము మానును. కుదిరిన సంబంధము సందేహమున పడును. కావున ఆ వంపు సంగతి తెలిసికొనుట అవసరము.

గుండె ఎడమగదినుండి బయలుదేరు పెద్ద ధమని పైకి లేచి, వెనుకకును ఎడమకును వంగి, వెన్నెముక వెంబడి క్రిందికి దిగును. ఆ వంపుపైనుండి మూడు కొమ్మలు పుట్టును. మొదటిది కొంత పోయి కుడిచేతికిని మెడ కుడిప్రక్కకును చీలును. రెండవది మెడ ఎడమప్రక్కకును, మూడవది ఎడమచేతికిని పోవును. పెద్దకాలువకు మూడు తూములనుకొనవచ్చును. అయితే గ్రామపటములో గీచిన కాలువకును పొలములో పారు కాలువకును భేదముండుట రైతులెరిగినదే. ఈ పటము సుమారు నూటికి డెబ్బది యెనుబదిమందికే సరిపోవును.

సుశ్రుతుడు ధమనులు 24 అనియు, అవి నాభినుండి పుట్టుననియు చెప్పెను. నేటి శాస్త్రమది యొప్పదు. అయినను శవమును పారు నీటిలో నానబెట్టి, పొరపొరగా ఒలిచి, కన్నులారా చూచి నేర్చుకొనుమన్నవాడును ఆయనయే. ఆ మాట నేటికిని చెల్లుచున్నది.

వేరుగా నున్నవారిలో ఎక్కువమందికి మొదటి రెండు కొమ్మలును ఒకే మొదటినుండి లేచును. దీనిని వైద్యులు 'బోవైన్ ఆర్చి', అనగా గోజాతి వంపు అందురు. పేరు తప్పు. ఆవునకు వంపునుండి లేచునది ఒకటే లావుకొమ్మ. తలకును ముందుకాళ్లకును పోవు ధమనులు దానినుండియే చీలును. పాపము, పశువునకు చెందని పేరు పశువునకు కట్టిరి! దీనివలన మనుష్యునకు సామాన్యముగా బాధ లేదు.

ఇంతకంటె అరుదైనది, కుడిచేతి ధమని తన చోట పుట్టక అన్నిటికంటె చివర, ఎడమప్రక్కన పుట్టుట. ఇది సుమారు నూటికొకరిలో నుండును. అది కుడిచేతికి చేరుటకు రొమ్మును అడ్డముగా దాటవలెను. చాలమందిలో అన్నవాహిక వెనుకగా దాటును. కారణము గర్భములోనే కలదు. పిండమునకు ఇరుప్రక్కల ధమనీవంపులు జంటలుగా ఏర్పడి, ఎనిమిదవ వారములోపల కొన్ని నిలిచి కొన్ని క్షీణించును. నాలుగవ జంటలో ఎడమది పెద్దవంపులో భాగమగును. కుడిది కుడిచేతి ధమనికి మొదలగును. ఆ కుడిది క్షీణించినచో చేతిధమనికి వేరుదారి యేర్పడును. ఎడమది పోయి కుడిది నిలిచినచో వంపంతయు కుడివైపునకు తిరుగును, ఇది వేయికొకరిలో. రెండును నిలిచినచో వాయునాళమును అన్నవాహికను ఉంగరమువలె చుట్టును. ఇది ప్రాయికముగా పసితనముననే బయటపడును. 1945లో బోస్టను నగరపు శస్త్రవైద్యుడు రాబర్ట్ గ్రాస్ అట్టి ఉంగరమును కోసి విడదీసిన వృత్తాంతమును ప్రకటించెను.

1761లో ఇంగ్లండున డేవిడ్ బేఫర్డు అను యువకుడు, ఏండ్లతరబడి మ్రింగలేక తుదకు మరణించిన 62 ఏండ్ల స్త్రీ శరీరమును కోసి ఈ దారితప్పిన ధమనిని చూచెను. 1787లో వైద్యసమాజమున ఆ సంగతి చదువబడెను. దానికాయన పెట్టిన పేరునకు ప్రకృతి పరిహాసమని యర్థము. ఆకలితో ప్రాణము విడిచినదానికి అది పరిహాసమగునా?

అందరికిని అట్టి గతి పట్టదు. ఎక్కువమంది ఏ బాధయు నెరుగక ముదుసలులగుదురు. కొందరిలో మాత్రము వయసు పైబడి ధమని గట్టిపడి వెడల్పగుకొలది గట్టి ముద్ద దిగుట కష్టమగును. ఆ ధమని మొదట ఉబ్బు ఏర్పడుటయు కలదు. 1936లో దానిని వర్ణించిన జర్మను వైద్యుడు కొమ్మెరెల్ పేర అది పిలువబడుచున్నది. పెద్దదైనచో పగులు భయముండును గనుక వైద్యులు దానిని కనిపెట్టియుండి, అవసరమైనచో శస్త్రచికిత్స చేయుదురు.

బాధ లేనివారును మరువరాని సంగతులు రెండు. కుడి మణికట్టునుండి గొట్టము పంపి గుండె నాళములు చూచునప్పుడు, ఈ ధమనిగుండా గొట్టము గుండెవైపు తిరుగుట కష్టము. ముందు తెలిసినచో వైద్యుడు ఎడమచేతినుండియో తొడనుండియో పంపును. రెండవది మాటకు సంబంధించినది. కంఠస్వరమునకు కుడిప్రక్క నాడి సామాన్యముగా కుడిచేతి ధమని క్రిందుగా చుట్టి పైకి వచ్చును. ధమని అచ్చట లేనిచో నాడి చుట్టు తిరుగక నేరుగా గొంతునకు పోవును. థైరాయిడ్ గ్రంథి కోయువాడు ఇది యెరుగక కత్తిపెట్టిన నాడి తెగి స్వరము పోవచ్చును. స్కాను కాగితమును పెట్టె అడుగున దాచక, కోతకు ముందు వైద్యుని చేతికీయవలసినది ఇందుకే.